ప్రభుత్వం వద్దన్న కేసు

మా అపార్టుమెంటు కింద పార్కింగులో సాయంత్రం పూట కొందరు ఆడపిల్లలు కుర్చీలు వేసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఉంటారు. ఒకరు ప్రశ్న అడిగితే ఇంకొకరు జవాబు చెప్పాలి. మొన్న నేను కూరగాయల సంచీతో లోపలికి వస్తుంటే ఒకమ్మాయి గడగడా అప్పజెబుతోంది. "శాసనశాఖ చట్టాలు చేస్తుంది. కార్యనిర్వాహకశాఖ అమలు చేస్తుంది. న్యాయశాఖ తీర్పు చెబుతుంది. ఒకరి పనిలో ఒకరు జోక్యం చేసుకోరాదు." తప్పేమీ లేదు, మార్కులు పడతాయి. నన్ను చూసి ఆ పిల్ల ఆగి, "ఆంటీ, మీరు కోర్టులో పనిచేశారు కదా, మరి మీరు ఏ శాఖ?" అని అడిగింది.

సంచీ కింద పెట్టి కూర్చున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాలేదు. ఒక కేసు సంగతి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మెజిస్ట్రేటు కోర్టులో పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున నడిపే లాయరు అన్నమాట. అందరూ పీపీ మేడం అనేవాళ్ళు. జీతం ప్రభుత్వం ఇస్తుంది. రోజంతా నిలబడేది జడ్జి ముందు. కోర్టువాళ్ళు మమ్మల్ని ప్రభుత్వం మనుషులనుకుంటారు, ప్రభుత్వం వాళ్ళు కోర్టు మనుషులనుకుంటారు. టీ ఇప్పించాల్సి వచ్చినప్పుడు కూడా ఇద్దరూ మమ్మల్ని రెండో వాళ్ళ ఖాతాలోకి తోసేస్తారు.

మా నాన్నగారిది తణుకు దగ్గర పల్లెటూరు. పోర్టులో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం చేరారు. నేను పుట్టింది, చదివింది, ఉద్యోగం చేసింది అంతా ఈ ఊళ్ళోనే. అయినా కోర్టు వరండాలో నేను నోరు తెరిస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు "మేడం గారిది గోదారి సైడా?" అంటారు.

కేసు ఇది. సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పల్లె. దాని పక్కన ఒక ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీ నుంచి సముద్రంలోకి ఒక గొట్టం. గొట్టం వచ్చాక ఒడ్డుకు దగ్గరలో చేప దొరకడం లేదని ఊరివాళ్ళ గోడు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, ఒక రోజు పొద్దున్నే గాజువాక వెళ్ళే రోడ్డు మీద గంపలతో సహా కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. అటు బస్సులు, ఇటు లారీలు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి పోలీసులు లేపడం మొదలుపెట్టారు. తోపులాట జరిగింది. ఆగి ఉన్న సిటీ బస్సు డ్రైవరు ఏం జరుగుతోందో చూద్దామని తన పక్క కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి అతని ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది.

పోలీసులు పాతికమంది దాకా ముద్దాయిలను చూపించి కేసు పెట్టారు. రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ అందులో ఉన్నారు. రాయి విసిరాడని ఒకే ఒక్కడి మీద ఆరోపణ. పడవ మీద పనిచేసే పాతికేళ్ళ కుర్రవాడు. విసరడం బస్సు కండక్టరు చూశాడు.

కేసు ఏళ్ళ తరబడి నడిచింది. వాయిదా పడ్డప్పుడల్లా ఆ ఆడవాళ్ళు రెండు ఆటోల్లో కిక్కిరిసి వచ్చేవాళ్ళు, పిలిచినప్పుడు వరసగా నిలబడేవాళ్ళు, తేదీ తెలుసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ ఒకతె ఉండేది. ఆ కుర్రవాడికి స్వయానా అత్త. ముదురు నీలం చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు, గొంతు మాత్రం అల మీంచి పిలిచినట్టు ఉండేది. నేను వరండాలో కనబడితే చాలు, పట్టుకునేది.

"అమ్మా, మావు రోడ్డు మీద కూకున్నాం, నిజమే. కూకున్నోళ్ళకి ఇన్నేళ్ళు తిప్పుతారేటి? పొద్దున్న సేపలెత్తుకుని ఎల్లకపోతే మా బేరాలు ఇంకొకరు పట్టీసుకుంతన్నారు."

"మీ లాయరు గారికి చెప్పు, నాకు కాదు. నేను అవతలి పక్షం."

"నువ్వు అవతల పక్షమయితే ఇటేపు వచ్చి మంచినీళ్ళెందుకు తాగుతన్నావు?" అనేది. కుండ ఒకటే, మరి ఏం చేయను.

ఇలా నడుస్తుండగా ప్రభుత్వానికి, ఆ ఊరి పెద్దలకు మధ్య ఒప్పందం కుదిరింది. గొట్టాన్ని సముద్రంలో ఇంకా లోపలికి మారుస్తామన్నారు. ఆందోళన సమయంలో పెట్టిన కేసులన్నీ ఎత్తేస్తామని మాట ఇచ్చారు. టీవీలో వచ్చింది, పేపర్లో వచ్చింది. కొద్దిరోజులకు మా ఆఫీసుకు జీవో వచ్చింది. కేసు ఉపసంహరణకు తగిన చర్య తీసుకోవలసిందిగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ఆదేశించడమైనది, అని.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఆ పిల్లలకు పుస్తకంలో ఒక వాక్యంగా కనబడుతుంది కానీ, మా బతుకంతా దాని మీదే నడుస్తుంది. కోర్టులో ఉన్న కేసును ప్రభుత్వం నేరుగా ఎత్తేయలేదు. ప్రాసిక్యూటర్‌ను అడగవచ్చు, అంతే. ప్రాసిక్యూటర్ తన బుద్ధితో ఆలోచించి, సబబే అనిపిస్తే కోర్టును అడగాలి. కోర్టుకు కూడా సబబు అనిపిస్తేనే అనుమతి ఇస్తుంది. మూడు తలుపులు దాటితే గానీ కేసు బయటకు పోదు. మధ్య తలుపు దగ్గర నన్ను నిలబెట్టారు.

జీవో వచ్చిన మర్నాడే మా ఆఫీసు టైపిస్టు పిటిషన్ తయారుచేసి నా బల్ల మీద పెట్టాడు. వేగంగా పనిచేసే మనిషి. పాత కేసులోని పిటిషన్ తీసి పేర్లు మార్చేశాడు. చదువుతూ పోతే రెండో పేజీలో మా ముద్దాయిలు ఇసుక లారీలను అడ్డగించినట్టు ఉంది.

"ఇసుక లారీ ఎక్కడిదయ్యా మన కేసులో?"

అతను వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఆనందపురం కేసుదండి. అందులో అందరం సంతకాలెట్టీసేం, అది పాసైపోయింది కూడా. ఎవులూ సదవరు మేడం."

అంతలో మా కోర్టు కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడి, "మేడం, డ్రైవర్ బావ వచ్చేడు. మీతో మాటాడతాడట" అన్నాడు. అతనికి ఊళ్ళో మగవాళ్ళందరూ బావలే.

డ్రైవరు లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఎలమంచిలి నుంచి పాసింజరు రైల్లో వచ్చాడు. కన్ను పోయాక బస్సు ఇవ్వడం మానేసి డిపోలో గేటు దగ్గర కూర్చోబెట్టారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కేసు ఎత్తేసినారంట కదమ్మా. టీవీలో సెప్పేరు."

"ఇంకా ఎత్తలేదు. ఎత్తేయమని రాశారు."

"నన్నెవులూ అడగనేదు."

కుర్చీ అతని వైపు ఇంకొంచెం జరిపాను. నిలబడే ఉన్నాడు.

"ఆ ఆడోళ్ళ మీద నాకేటీ కోపం నేదమ్మా. ఆళ్ళు కూకున్నారు, నాను బస్సాపేను. నాది డ్రైవరు పని, రోడ్డు మీద మనిసుంటే ఆపాలి. కానీ రాయి ఇసిరినోడు ఇన్నేళ్ళ నుంచీ నా ఎదర నుంచుని నాను కాదంతన్నాడు. నా కన్ను దానంతటది పోయిందేటి?" అతని గొంతు ఎక్కడా పెరగలేదు. "ప్రెబుత్వం ఆళ్ళకి మాటిచ్చింది. బాగుంది. నా కన్నుని కూడా ఆ మాటలో కలిపీసుకుందా?"

అతను వెళ్ళాక పిటిషన్ మీద సంతకం చేయబుద్ధి కాలేదు. లారీ తప్పు దిద్దమని టైపిస్టుకు ఇచ్చేయవచ్చు. కానీ అసలు తప్పు లారీ కాదని అప్పటికే అర్థమైంది.

మా ఆఫీసు అధిపతి దగ్గరికి వెళ్ళాను. కృష్ణా జిల్లా మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. ఎవరితోనూ గొడవ పడకుండా సర్వీసు గడిపేశారని పేరు. ఆయన ఏ కాగితం మీదైనా చిన్న అక్షరాలతో చిన్న సంతకం చేసేవారు. ఎక్కువ చోటు ఆక్రమించడం కూడా ఆయనకు గొడవే.

"ఏవమ్మా, ప్రభుత్వం వద్దన్న కేసు నీకెందుకు? సంతకం పెట్టి పంపించెయ్. అనుమతి ఇచ్చేదీ మానేదీ కోర్టు చూసుకుంటుంది."

"కోర్టు చూసుకుంటుందని నేను, ప్రాసిక్యూటర్ చూసుకుంటుందని ప్రభుత్వం అనుకుంటే, చూసేవాళ్ళు ఎవరండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నేను పిటిషన్ మళ్ళీ మొదటినుంచి రాశాను. రోడ్డు మీద కూర్చున్నందుకు పెట్టిన ఆరోపణలన్నీ అందరి మీదా వదులుకుంటున్నాను, వాళ్ళు తమ బతుకు గురించి అడిగారు, సమస్య పరిష్కారమయింది, ఇంకా తిప్పడం వల్ల ఎవరికీ మేలు లేదు, అని. ఆ కుర్రవాడి మీద కూడా అవి వదులుకున్నాను. రాయి దెబ్బ ఒక్కటి మాత్రం వదులుకోలేదు. చదివి చెప్పమని మా ఆఫీసరు గారికి ఇచ్చాను. ఆయన సాంతం చదివి, ఒక చోట కామా పెట్టి తిరిగి ఇచ్చారు. పిటిషన్ దాఖలు చేశాను.

మర్నాటి నుంచి ఫోన్లు. జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి మాట్లాడారు. చెడ్డవాడు కాదు, ఒప్పందం కోసం ఆ పల్లెలో రోజుల తరబడి కూర్చున్నది ఆయనే. "మేడం, మీరు ఒక్కణ్ణి వదలకపోతే ఊరంతా మళ్ళీ రోడ్డెక్కుతుంది. మేమిచ్చిన మాట పోతుంది. అప్పుడు ఇంకెన్ని కళ్ళు పోతాయో ఆలోచించారా?" అన్నారు. ఆలోచించాను. ఆయన మాటలో న్యాయం ఉంది, అందుకే రెండు పూటలు అన్నం సయించలేదు. శాంతి కాపాడడం ఆయన పని. ఆ పని చేసేవాడు అలాగే మాట్లాడాలి. కానీ నా పని అది కాదు కదా. కేసులో సాక్ష్యం ఉందా లేదా, దెబ్బ తిన్నవాడికి ఏం జవాబు చెబుతావు అన్నది నా పని. ఆయన కుర్చీలో కూర్చుని నేను ఆలోచిస్తే నా కుర్చీ ఖాళీ అయిపోతుంది.

మా ఆయన స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. ఇంట్లో ఇదంతా చెబితే, "బదిలీ చేస్తే చేస్తారు, శ్రీకాకుళంలో కూడా కోర్టులుంటాయి" అన్నాడు. ఆ మాట ధైర్యానికన్నాడో, కొన్నాళ్ళు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని ఆశపడ్డాడో నాకిప్పటికీ తెలియదు.

విచారణ రోజు పొద్దున్న ఆఫీసుకు వెళ్ళేసరికి మా ఆఫీసరు గారి గది తాళం వేసి ఉంది. బీపీ పెరిగిందని సెలవు పెట్టారు. ఫోను కట్టేసి ఉంది. ఆయన సెలవులో ఉంటే సీనియర్‌కు ఇన్‌ఛార్జి బాధ్యత. ఆ సీనియర్‌ని నేనే. తాళం తీయించి ఆ గదిలో ఫైలు సర్దుకుంటుంటే బల్ల మీద ఫోను మోగింది. రాజధాని నుంచి.

"ఆఫీసర్ గారాండీ? ఆ పల్లె కేసులో మీ ఏపీపీ మేడం ఏదో సొంత వైద్యం చేస్తోందట. ఈ రోజే ఆవిణ్ణి ఆ కేసు నుంచి తప్పించి ఇంకొకరికి అప్పగించండి. వాళ్ళచేత సరైన పిటిషన్ వేయించండి."

"ఆఫీసర్ గారు సెలవులో ఉన్నారండీ. నేను ఇన్‌ఛార్జిని."

"అయితే మీరే ఆ పని చేయండి. ఆ మేడంని పిలిపించి చెప్పండి."

"పిలిపించక్కర్లేదండీ. నేనే ఆ మేడంని."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. "నన్ను నేను తప్పించుకోమంటే రాతపూర్వకంగా పంపించండి, పాటిస్తాను" అన్నాను మర్యాదగానే. ఫోను పెట్టేశారు. నాకు నవ్వు ఆగడం లేదు. బయట నిలబడ్డ కానిస్టేబుల్ లోపలికి తొంగిచూసి, "ఏటయింది మేడం? మంచి కబురేటి?" అన్నాడు. "ఇంకా తెలీదు, పద" అన్నాను.

మా మెజిస్ట్రేటు గారు వయసులో నాకన్నా చాలా చిన్నావిడ. అప్పటికి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. తక్కువ మాట్లాడేవారు. కోర్టు హాలు నిండిపోయింది. ఆడవాళ్ళు ఒక పక్క వరసగా నిలబడ్డారు, వాళ్ళ చివర ఆ కుర్రవాడు. వెనక బెంచీ మీద డ్రైవరు.

ముద్దాయిల లాయరు గారు లేచి అభ్యంతరం చెప్పారు. "ప్రభుత్వ ఉత్తర్వు కేసు మొత్తానికి వర్తిస్తుంది. అందులో సగం కోసి సగం ఉంచే అధికారం పీపీ గారికి లేదు."

మెజిస్ట్రేటు గారు ఆయనవైపు చూశారు. "ఉత్తర్వు నాకు రాలేదండీ, పీపీ గారికి వచ్చింది. నా ముందుకు వచ్చింది ఈ పిటిషన్. నేను దీన్నే చూస్తాను." తర్వాత నావైపు తిరిగారు. "పీపీ గారూ, ఇది ప్రభుత్వ అభిప్రాయమా, మీ అభిప్రాయమా?"

"ప్రభుత్వం ఒక కారణం చెప్పింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ విషయంలో ఆ కారణం నాకూ సరైనదే అనిపించింది. రాయి విషయంలో అనిపించలేదు. పోయిన కన్ను ప్రభుత్వానిది కాదు. ఆ మనిషి ఇక్కడే ఉన్నాడు. తమరు అనుమతిస్తే అతని మాట కూడా వినమని నా మనవి."

ఆ రోజుల్లో దెబ్బ తిన్నవాణ్ణి అడిగి తీరాలన్న నియమం చట్టంలో రాసి లేదు. ఆవిడ వినకపోయినా ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ డ్రైవర్ని ముందుకు పిలిచారు.

అతను నా గదిలో చెప్పిన మాటలే చెప్పాడు. చివర్లో ఒక్క మాట కలిపాడు. "ఆడికి జైలెయ్యండని నాను అడగటం నేదమ్మా. నానే ఇసిరేను అని ఆడి నోటంట వస్తే సాలు. నాకు ఆ మాట బాకీ ఉన్నాడు."

కుర్రవాడు తల దించుకున్నాడు. వాడి అత్త వాడివైపు చూడలేదు. ఎదురుగా గోడనే చూస్తూ నిలబడింది.

భోజనం తర్వాత ఉత్తర్వు చెబుతానని మెజిస్ట్రేటు గారు లేచి వెళ్ళారు. ఆ విరామం నా సర్వీసులోకెల్లా పొడవైన విరామం. ఆవిడ పిటిషన్ మొత్తం కొట్టేయవచ్చు. అప్పుడు ఆ ఆడవాళ్ళు ఇంకా కొన్నేళ్ళు ఆటోల్లో తిరగాలి, అదంతా నా వల్లే అవుతుంది. టైపిస్టు తెచ్చిన పిటిషన్ మీద నేను సంతకం పెట్టి ఉంటే ఈపాటికి వాళ్ళు ఇంటికి పోయేవాళ్ళేమో. వరండాలో వాళ్ళు టిఫిన్ డబ్బాలు విప్పారు. ఎప్పుడూ పలకరించే పెద్దావిడ ఆ రోజు నన్ను చూసి మొహం తిప్పుకుంది. మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

మళ్ళీ కోర్టు కూర్చుంది. ఆవిడ ఉత్తర్వు చదివారు. రోడ్డు అడ్డగించిన ఆరోపణల మేరకు ఉపసంహరణకు అనుమతి. ఆడవాళ్ళందరూ ఆ రోజే విముక్తులు. ఒక్క ముద్దాయి మీద రాయి దెబ్బ ఆరోపణ మాత్రం విచారణ జరగాలి.

ఆడవాళ్ళకు అర్థం కాలేదు. "అయిపోయింది, ఇంక రానక్కర్లేదు, ఎల్లండెల్లండి" అని కానిస్టేబుల్ చేతులు ఊపాక ఒక్కసారిగా గోల. ఒకరు ఏడుస్తూ ఒకరు నవ్వుతూ బయటకు నడిచారు. పెద్దావిడ మాత్రం గుమ్మం దగ్గర ఆగి నావైపు చూసింది. "నన్నొగ్గీసి ఆణ్ణి ఉంచీసినావు" అంది.

మర్నాడు పొద్దున్న భయం భయంగా బస్సెక్కాను. అధికారి హెచ్చరించినట్టే ఊరు మళ్ళీ రోడ్డెక్కుతుందేమోనని. బస్సు ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మెడ సాచి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు బస్సు కోసం నిలబడ్డారు, ఎప్పటిలాగే ఆ బస్సు డ్రైవరుతో గంపల గురించి పోట్లాడుతూ ఎక్కారు. చేపల వాసన అంత హాయిగా నాకెప్పుడూ అనిపించలేదు. ఆ మధ్యాహ్నం జిల్లా అధికారి ఫోను చేసి, "ఊళ్ళో ఏం గొడవ లేదు మేడం. ఆడవాళ్ళే మగవాళ్ళను కూర్చోబెట్టారు" అన్నారు. ఆయన గొంతులో కూడా ఊరట వినబడింది. బదిలీ ఉత్తర్వు ఏదీ రాలేదు. మా ఆఫీసరు గారు సెలవు ముగించుకుని వచ్చారు. బీపీ ఎలా ఉందండీ అని అడిగితే, "ఆ రోజొక్కటే పెరిగిందమ్మా, తర్వాత దానంతటదే తగ్గింది" అన్నారు.

మిగిలిన విచారణ కొన్ని నెలల తర్వాత వచ్చింది. డ్రైవరు సాక్ష్యం చెప్పాడు. ముద్దాయి లాయరు గారు అడ్డుప్రశ్నలు వేయడానికి లేచారు. అంతలో బోనులోంచి ఆ కుర్రవాడు, "ఆయన్నేటీ అడగొద్దు సార్" అన్నాడు.

లాయరు గారు కూర్చోమని సైగ చేసినా వాడు ఆగలేదు. "రాయి నాదే. పోలీసోళ్ళు మా అత్తని జుట్టట్టుకుని లాగుతుంటే నాకు ఒళ్ళు తెలీనేదు. పోలీసు మీదకి ఇసిరేను. ఆయనకి తగిలీసింది."

మెజిస్ట్రేటు గారు వాణ్ణి ఆపారు. ఆ మాటకు ఏమేం పర్యవసానాలు ఉంటాయో విడమర్చి చెప్పారు. లాయరుతో మాట్లాడుకుని, ఇంట్లో ఆలోచించుకుని రమ్మని ఇంకో తేదీ ఇచ్చారు. ఆ తేదీన కూడా వాడు అదే మాట చెప్పాడు, ఈసారి తల ఎత్తి, డ్రైవరు మొహం చూస్తూ.

అది దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తే రాజీ పడగలిగిన సెక్షన్. మెజిస్ట్రేటు గారు డ్రైవర్ని అడిగారు, ఏమంటావని.

అతను కుర్రవాడివైపు ఒకసారి చూశాడు. "అన్నాడు కదమ్మా," అన్నాడు. "ఇంకేటొద్దు. ఆణ్ణి ఇంటికి పంపీయండి."

ఎవరైనా బలవంతం చేశారా అని ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగారు. ఎవరూ లేరన్నాడు. ఆవిడ అనుమతి రాశారు. ఏ జీవో అక్కర్లేకుండా కేసు ముగిసింది.

నేను బయటకు వచ్చాను. వరండా చివర స్తంభం పక్కన ఆ పెద్దావిడ ఒక్కతే నిలబడి ఉంది. లోపలికి రావడానికి ధైర్యం చాలక పొద్దుటినుంచి అక్కడే ఉందట. నన్ను చూడగానే రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. ఆ గొంతు ఆ రోజు పైకి రాలేదు.

"ఏటయ్యిందమ్మా?"

"డ్రైవరు గారు వదిలేశారు. మీవాడు సంతకం పెట్టి వస్తాడు. ఇంటికి తీసుకెళ్ళు."

ఆమె నా మాట విని కూడా విననట్టే చూసింది. తర్వాత స్తంభం పట్టుకుని మెల్లగా జారి, గచ్చు మీద చతికిలబడింది.

"అమ్మా, కాసేపు కూకుంతాను."

"కూర్చో," అన్నాను. లోపల ఇంకో కేసు పిలుస్తున్నారు, కానీ అది నాది కాదు. నల్లకోటు విప్పి చేతి మీద వేసుకుని నేను కూడా ఆమె పక్కన గచ్చు మీద కూర్చున్నాను.